ఇరవైమూడూ పద్నాలుగూ నలభై రెండు

2023 ఆగస్టు. కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో లెక్కల పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నాకు అప్పటికి పందొమ్మిదేళ్లు. మా బి.ఎస్సీ. పిల్లలు చదువులో భాగంగా ఏదో ఒక సేవా కార్యక్రమం చేసి తీరాలి, చేస్తేనే మార్కులు. ఇది చాలాచోట్ల ఎలా నడుస్తుందో నాకు తెలుసు. ఒకరోజు పల్లెకు పోతారు, బ్యానరు కడతారు, ఫొటోలు దిగుతారు, వచ్చేస్తారు. మా ప్రిన్సిపాలు కూడా ఆ ఏడు అదే అన్నారు. "ఎందుకమ్మా అంత శ్రమ? నాలుగు ఫొటోలు ఉంటే చాలు కదా." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఫొటోలకైతే స్టూడియోలున్నాయి సార్" అనేశాను. ఆయన సంతకం పెట్టారు గానీ, ఆ తర్వాత వారం రోజులు నాతో మాట్లాడలేదు.

నా ఆలోచన చిన్నది. ఎనిమిది మంది విద్యార్థులు, ఎమ్మిగనూరు దారిలో ఒక పల్లె, అక్కడి ప్రాథమిక పాఠశాల. వారానికి రెండు మధ్యాహ్నాలు బస్సెక్కి పోయి, మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పాలి. ఆ పిల్లల్లో చాలామంది కరోనాలో బడి మూతపడినప్పుడు ఒకటీ రెండూ తరగతుల్లో ఉండాల్సినవాళ్లు. పునాది వేసే రెండేళ్లూ తాళం వేసిన గేటు ముందే గడిచిపోయాయి.

బడికి ఇద్దరే టీచర్లు, ఐదు తరగతులు. హెడ్మాస్టరు గారు చెడ్డవారు కాదు, అలసిపోయిన మనిషి. పాఠం చెబుతుండగానే మధ్యలో కోడిగుడ్లు వచ్చాయా అని చూసుకోవాలి, ఫోనులో హాజరు వేయాలి, సిగ్నలు కోసం మెట్లెక్కాలి. మొదటి రోజే నాతో అన్నారు, "మేడం, ఒక్క సాయం చేయండి. ఈ ఏడు ఐదో తరగతి నుంచి ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలుకు పేర్లు పంపాల. ఎవురు నిలబడతారో ఎవురు పడిపోతారో మీ పరీక్షలో తేలిపోతాది." నేను సరేనన్నాను. ఆ ఒక్క మాట ఎంత బరువైనదో అప్పుడు నాకు తట్టలేదు.

పిల్లలకు ఏం వచ్చో ఏం రాదో పాఠాలకు ముందు తెలుసుకోవడానికి పెట్టే చిన్న పరీక్షను మేం బేస్‌లైన్ టెస్టు అంటాం. ఇరవై కూడికలతో ఆ పేపరు తయారుచేసింది నేనే. దాన్ని దిద్దడానికి షీటు గీసిందీ నేనే. అందులో రెండే గడులు పెట్టాను, రైటు ఒకటి, తప్పు ఒకటి. ఇది గుర్తుంచుకోండి.

ఐదో తరగతి పిల్లల బాధ్యత షబానాది. కర్నూలు పాతబస్తీలో దర్జీ కూతురు, మా క్లాసులో మొదటి ర్యాంకు. లెక్కలో ఒక స్టెప్పు ఎగరగొడితే తన మార్కు తనే కోసుకునే రకం. ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఒక పేపరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఇది చూడండి మేడం. ఇరవైకి ఆరు. ఆ ఆరూ కాపీ."

"ఎలా తెలిసింది?"

"ముప్పైరెండూ పదకొండూ సరిగ్గా నలభైమూడు వేసింది. పక్కనే ఇరవైమూడూ పద్నాలుగూ నలభై రెండంట! అది వచ్చిన పిల్లకు ఇది రాకుండా పోతాదా? పక్కపిల్లను చూసి రాసింటాది."

పేపరు మీద పేరు రూతు. పద్నాలుగు ఎర్ర అడ్డగీతలు. షబానా మాట నాకూ సబబుగానే తోచింది. పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

తర్వాతి తడవ వెళ్లినప్పుడు షబానా రూతును లేపి నిలబెట్టి, "పక్కదాన్ని చూసి రాసినావా?" అని అడిగింది.

"చూడల్యా" అంది రూతు. పొట్టి పిల్ల. కొబ్బరినూనె రాసి బిగించిన రెండు జడలు, వేళ్ల చివర్లు ఆకుపచ్చ నలుపు.

"అబద్ధం చెప్పొద్దు."

"చూడల్యా అంటాండా గదా అక్కా!"

షబానా ఆమెను ఒకటో తరగతి పిల్లల వరుసలో కూర్చోబెట్టింది. మా పద్ధతి ప్రకారం అది శిక్ష కాదు, పిల్ల ఏ మెట్టు మీదుంటే అక్కడి నుంచి చెప్పాలి. కానీ పదేళ్ల పిల్లను ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెట్టి ఒకటి నుంచి పది దాకా దిద్దమంటే ఏం కావాలి? రెండు రోజులు దిద్దింది. మూడోరోజు పలక కింద పెట్టి లేచింది. "ఈ ఒంట్లు నాకు ఎప్పుడో వచ్చు. మీకే నా లెక్క రాదు" అని చెప్పి గేటు దాటి వెళ్లిపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. షబానా ముఖం మాత్రం కందగడ్డ అయింది.

హెడ్మాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. "ఆ పిల్ల తల్లీ తండ్రీ బెంగళూరులో కట్టడం పనికి పోయినారు మేడం. తల్లి రోజూ ఫోను. పిల్ల పేరు పంపు సార్, హాస్టల్లో చదువుకుంటాదని. ఈడ అవ్వ మార్తమ్మ దగ్గర ఉండాది. ఆ అవ్వేమో పొద్దున పూట పత్తి ప్లాటులో పనికి తీసకపోతాది. ఎట్ల పంపను చెప్పండి? మొదటి నెల్లోనే తిరిగొచ్చిందంటే మా బడి పేరు పోతాది. మీ కాలేజీవాళ్లే తేల్చిరి గదా, ఇరవైకి ఆరు, అవీ కాపీ అని."

మేం పిల్లలకు తలుపు తీయడానికి వచ్చామనుకున్నాను. తీరా చూస్తే, ఆ పిల్ల తలుపుకు వేసిన గడియ నేను గీసిన షీటే. హాస్టలుకు పేరు వెళ్లకపోతే రూతుకు బడి ఐదో తరగతితో సరి. ఆ తర్వాత ప్లాటే.

ఆ రాత్రి పేపరు మళ్లీ తీశాను. పిల్లలు చేసిన తప్పులను వరసగా పేర్చి, వాటిలో ఏదైనా దారి ఉందా అని వెతకడాన్ని మా భాషలో ఎర్రర్ అనాలిసిస్ అంటారు. వైద్యుడు నాడి పట్టుకున్నట్టే అనుకోండి. తెలియక రాసిన జవాబులు అడ్డదిడ్డంగా ఉంటాయి. రూతువి అలా లేవు. ఆమె రాసిన ఇరవై జవాబుల్లో చివరి అంకె ఎక్కడా నాలుగు దాటలేదు. ఐదు లేదు, ఆరు లేదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది లేవు. ఒక్కచోటైనా లేవు! సున్నా, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అంతే.

కాపీ కొట్టిన పిల్లకు ఇది సాధ్యం కాదు. సంగతేమిటో తెలియలేదు గానీ, ఏదో ఉందని మాత్రం తెలిసిపోయింది. షబానాకు ఫోను చేసి, "రేపు ఆదివారమే, అయినా సరే. మొదటి బస్సుకు పోదాం" అన్నాను.

పల్లెలో అడిగితే ప్లాటు దారి చూపించారు. హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం వేసే పొలాన్ని అక్కడ ప్లాటు అంటారు, అందులో చేసే పనిని క్రాసింగు అంటారు. సాయంత్రం ఆడ సాళ్లలో మొగ్గల పైపొర గిల్లి గుర్తు కట్టి వదులుతారు. మర్నాడు పొద్దున మగ సాళ్లలోని పూలు కోసుకొచ్చి ఆ మొగ్గలకు అద్దుతారు. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని ఆడపిల్లల్ని తెచ్చి పెడతారు. ఇది తప్పు. చట్టం ప్రకారం తప్పు, మనిషితనం ప్రకారం ఇంకా తప్పు. ఆ మాట అక్కడి మేస్త్రికి మొహం మీదే చెప్పాను. "మీ కాలేజీలో చెప్పుకోండి మేడం" అన్నాడు.

మేం గట్టు మీద నిలబడి ఉండగా ఒక సాల్లోంచి కేక వినబడింది. "రూతూ, నాకు ఏడు చేతుల రెండు!"

పక్క సాలు నుంచి ఇంకో గొంతు. "నాకు ఆరు చేతుల మూడే!"

రూతు పూలబుట్ట చంకన పెట్టుకుని సాళ్ల మధ్య పరుగెత్తుతోంది. మొదటామెకు ఏడు పూలిచ్చింది, రెండో ఆమెకు ఆరు. ఇంకో పువ్వు తీసి ఇద్దరి మధ్యా పట్టుకుని, "మీ రెండు, ఆయమ్మ మూడు. ఇద్దురికీ కలిపి ఇదొగటి" అంది. కాగితం లేదు, పెన్సిలు లేదు. ఎనిమిది మంది ఆడవాళ్లకు అలాగే పంచుకుంటూ పోయింది. బుట్టలో ఒక్క పువ్వు మిగల్లేదు, ఒక్కటీ తక్కువ పడలేదు.

"చెయ్యి అంటే ఏందవ్వా?" అని పక్క సాల్లో ఉన్న రూతు అవ్వ మార్తమ్మను అడిగాను.

"ఐదు మొగ్గలమ్మా. ఒక మగపువ్వు ఐదింటికి వస్తాది. అందుకని అయిదును చెయ్యంటాము."

నేను మట్టిలో కూర్చున్నాను. ఒక పుల్ల తీసి రూతుకిచ్చి, "ఏడు చేతుల రెండు, ఈడ రాసి చూపించు తల్లీ" అన్నాను. ఆలోచించకుండా రాసింది. ముందు ఏడు, పక్కన రెండు.

మన లెక్కలో అది డెబ్బైరెండు. రూతు లెక్కలో ముప్పైఏడు మొగ్గలు.

"షబానా, ఇప్పుడు నీ ఇరవైమూడూ పద్నాలుగూ వేయించు" అన్నాను.

షబానా మట్టిలో రాసింది. రూతు వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. "ఇది రెండు చేతుల మూడు. అంటే పదమూడు మొగ్గలు. ఇది ఒక చెయ్యి నాలుగు. తొమ్మిది. అన్నీ కలిపితే ఇరవైరెండు. నాలుగు చేతులు, పైన రెండు." నాలుగు రాసి పక్కన రెండు రాసింది. నలభై రెండు!

షబానా "యా అల్లా" అంటూ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ పిల్ల ఇరవై కూడికలూ తప్పు లేకుండా చేసింది. కుడివైపు అంకెలు రెండూ కలిపినా నాలుగు దాటకపోతే, మన జవాబూ ఆమె జవాబూ ఒకటే అవుతాయి. ఆ ఆరూ అవే. మిగతా పద్నాలుగింటికి మేం గీత కొట్టాం.

ఎడమవైపు అంకె పదులను చెబుతుందనే సంగతిని ప్లేస్ వాల్యూ అంటాం, స్థాన విలువ. రెండో తరగతిలో రావాల్సిన పాఠం. ఆ ఏడు రూతు బడికి తాళం, అవ్వ వెంట ప్లాటే దాని బడి. ఎడమవైపు అంకె దేన్ని చెబుతుందో ఎవరూ చెప్పకపోతే, తనకు తెలిసిన చెయ్యిని తెచ్చి అక్కడ పెట్టుకుంది. ఐదుతో కట్టే లెక్కను మేం బేస్ ఫైవ్ అని డిగ్రీలో చెబుతాం. సగం మందికి ఎక్కదు.

షబానా ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "రూతూ, తప్పు నాది. నువ్వు చూసి రాయలేదు. అందరి ముందరా అన్నాను, అందరి ముందరే చెప్తాను." తర్వాత తన రెండు అరచేతులూ చాపింది. "చూడు. బడిలో లెక్క ఒక చెయ్యి కాదు, రెండు చేతులు. ఈ ఎడమ అంకె జత చేతులను చెప్తాది. పదన్నమాట."

రూతు ఆ వేళ్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇరవైమూడూ పద్నాలుగూ ముప్పైఏడు అని తానే రాసి, కళ్లెర్రజేసి మా మీద విరుచుకుపడింది. "ఇంతేనా? ఈ మాట ముందే చెప్పింటే పోయేది గదా! ఇన్ని దినాలు నన్ను ఒంట్లు దిద్దిస్తిరి!"

అంతలోనే మళ్లీ అడిగింది. "అయితే మేడం, పదే ఏంటికి?"

"మనిషికి పది వేళ్లుండాయి కాబట్టి."

"మాకు ఐదే. ఇంకో చేత్తో కొమ్మ పట్టుకోవల్ల గదా."

పందొమ్మిదేళ్లు సంఖ్యామానం పాఠం చెప్పాను. ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

షబానా అన్నమాట నిలబెట్టుకుంది. బుధవారం బళ్లో పిల్లలందరి ముందూ తన తప్పు ఒప్పుకుంది. రూతు మళ్లీ బడికి వచ్చింది, కానీ మధ్యాహ్నం పూటే. దసరా సెలవులు వచ్చేసరికి కూడికలు, తీసివేతలు, ఎక్కాలు అయిపోయి భాగహారంలో పడింది. ఆ ప్లాటులో అది రోజూ చేసేది భాగహారమే కాబట్టి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. అయినా హెడ్మాస్టరు గారి జాబితాలో పేరు ఎక్కలేదు. చేతుల లెక్క సంగతి చెప్పబోతే ఆయన పూర్తిగా వినలేదు. "నాలుగు వారాల్లో నేర్చింది నాలుగు నాళ్లలో పోతాది మేడం" అన్నారు.

"అయితే అందరి ముందూ మీరే పరీక్ష పెట్టండి సార్" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదే అయింది.

మా కార్యక్రమం చివరి రోజు తల్లిదండ్రులను పిలిచాం. పనులు ఎగ్గొట్టి పాతిక మంది దాకా వచ్చారు. మార్తమ్మ గోడవారగా నిలబడింది. బయట గేటు దగ్గర మేస్త్రి బండి మీద కూర్చుని ఉన్నాడు. ప్లాటులో పూల లెక్కకు రూతును ఇకమీద పొద్దంతా పెట్టుకుంటానని అవ్వకు అప్పటికే చెప్పి ఉన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు. లెక్క రాదని బడి వదిలేసిన పిల్లే, ప్లాటుకు లెక్క కోసమే కావలసి వచ్చింది.

హెడ్మాస్టరు గారు బోర్డు మీద నలభైఎనిమిదీ ముప్పైఏడూ వేశారు. రూతు ఎనభైఐదు రాసింది. తీసివేత వేశారు, చేసింది. భాగహారం వేశారు, శేషంతో సహా చేసింది. ఆయన తల ఊపి, "బాగుంది, బాగుంది. బట్టీ పట్టించినట్టుండారు" అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. నేను లేచేలోపే రూతు బోర్డు దగ్గర నుంచి తిరిగింది.

"సార్, నేనొక లెక్క ఇయ్యొచ్చునా?"

ఆయన నవ్వుతూనే, "ఇయ్యమ్మా" అన్నారు.

ఇరవైమూడు వేసి, కింద పద్నాలుగు వేసింది. చాక్‌పీసు ఆయన చేతికిచ్చింది. ఆయన ముప్పైఏడు రాశారు. రూతు మేజా మీది ఎర్ర చాక్‌పీసు తీసుకుని, మునివేళ్ల మీద లేచి, ఆ ముప్పైఏడు మీద ఇటు మూల నుంచి అటు మూలకు అడ్డగీత కొట్టింది.

ఎవరో "ఓయమ్మ" అన్నారు. హెడ్మాస్టరు గారి ముఖం ఎర్రబడింది. "ఏంది పాపా, తప్పంటావా?"

"తప్పే సార్. మా ప్లాట్లో ఇది నలభై రెండు."

ఆయన నా వైపు చూశారు. నేను రూతు వైపు చూపించాను. రూతు కదలకుండా నిలబడి ఉంది, కళ్లలో నీళ్లున్నాయి, గొంతు మాత్రం తగ్గలేదు. "నా పేపరు మీద పద్నాలుగు కొట్టినారు సార్. ఏంటికి అట్ల రాసినావే అని ఒక్కరన్నా నన్ను అడగల్యా. మీరన్నా నన్ను అడగరా?"

హెడ్మాస్టరు గారు చాక్‌పీసు కింద పెట్టారు. తన కుర్చీలో కాక, ముందు వరుసలో పిల్లల బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. "సరే చెప్పు. ఎందుకు నలభై రెండు?"

రూతు చెప్పింది. చేతులు, పూలు, మొగ్గలు, పట్టుకోవాల్సిన కొమ్మ, అన్నీ చెప్పింది. వెనకాల నిలబడ్డ ఆడవాళ్లు తలలూపారు. ఆ గదిలో పాఠం ముందే తెలిసినవాళ్లు వాళ్లే. ఒకామె "మాకు చదువు రాదనుకుంటిమే, ఇదేనేమే చదువంటే" అని పక్కామెను పొడిచింది. హెడ్మాస్టరు గారు రెండుసార్లు అడ్డుపడి ప్రశ్నలడిగారు, నిజంగా తెలియకే అడిగారు. ఆ సాయంత్రమే జాబితాలో పేరు చేరింది. పేరు పక్కన ఏదో రిమార్కు రాయబోయి, కలం ఆపేసి, మూత పెట్టేశారు.

మేస్త్రి గేటు దగ్గర మార్తమ్మను ఆపబోయాడు. "ఏం మార్తమ్మా, రేపటి సంది పూల లెక్క ఎవురు జూస్తారు?"

మార్తమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని ఆగకుండా నడుస్తూనే చెప్పింది. "నీకూ ఐదు వేళ్లుండాయి గదప్పా. నువ్వే లెక్కేసుకో."

ఆ తర్వాత నా షీటులో మూడో గడి గీశాను. రైటు, తప్పు, వాటి పక్కన "ఎందుకు అలా చేశావని అడిగితే పిల్ల చెప్పింది" అని. ఈ గడి నింపకుండా ఎవరికీ తప్పు కొట్టడానికి లేదు. ప్రతి ఏడూ కొత్త విద్యార్థులు గొణుగుతారు, ఒక్కో పిల్లకు పావుగంట పడుతోంది మేడం అంటారు. పట్టనీ అంటాను. ఇరవై లెక్కలూ తన పద్ధతిలో సరిగ్గా చేసిన పిల్లను ఇరవైకి ఆరు అని తేల్చడానికి మాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలకు ఒక పిల్ల బతుకంతా పోయేది. పాఠం చెప్పే ఎవరికైనా నేను నేర్చుకున్నది ఇంతే చెప్పగలను. తప్పులో దారి ఉంటుంది, ఆ దారి పిల్లకు తెలుసు, అడిగితే చూపిస్తుంది.

రూతు ఇప్పుడు ఏడో తరగతి. పోయిన నెల షబానా, నేను ఆ హాస్టలుకు వెళ్లాం. లెక్కల టీచరు రూతు నోటుబుక్కు తెచ్చి చూపించారు. ఆవిడ తప్పు కొట్టిన ప్రతిచోటా కింద పెన్సిలుతో, "ఎందుకు తప్పో చెప్పండి టీచర్" అని రాసి ఉంది.

"చూశారా మేడం, ప్రతిదానికీ ఇట్లే నిలదీస్తుంది. ఎవరు నేర్పించారో ఏమో!" అన్నారావిడ చిరాగ్గా.

షబానా నా కంటే ముందే జవాబిచ్చింది.

"ఎవరూ నేర్పలేదు టీచర్. మాకు నేర్పించిందే ఆ పిల్ల."